అంబాసిడర్‌కు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్: పెట్రోల్ ఖర్చు నిజంగా తగ్గుతుందా?

డిస్ట్రిబ్యూటర్‌లో (ప్లగ్గులకు స్పార్క్ పంచే భాగంలో) సీబీ పాయింట్లు, అంటే కాయిల్ కరెంటును తెంచే కాంటాక్ట్ బ్రేకర్లు, కండెన్సర్ పీకేసి, వాటి చోట చిన్న నల్ల మాడ్యూల్ ఒకటి, క్యామ్ మీద తొడిగే అయస్కాంతపు రింగు ఒకటి పెట్టుకునే కిట్ గురించి ఈ సమీక్ష. 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ ఉన్న అంబాసిడర్లకు, అందులోనూ లూకాస్ 25డీ4 లేదా 45డీ4 డిస్ట్రిబ్యూటర్ ఉన్నవాటికి. డీజిల్ అంబాసిడర్ వాళ్ళు ఇక్కడితో ఆగిపోవచ్చు, మీ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్గులే లేవు.

ముందే చెప్పేస్తే సగం మందికి డబ్బు మిగులుతుంది. కిట్ కొనదగ్గ వస్తువే. కానీ అమ్మేవాళ్ళు చెప్పినట్టు అది మైలేజీ పెంచదు. సరిగ్గా పెట్టిన టైమింగ్ (స్పార్క్ పడే సమయం) మళ్ళీ జారిపోకుండా పట్టుకుంటుంది, అంతే. అసలు టైమింగ్ సరిగ్గా పెట్టకుండా, వాక్యూమ్ అడ్వాన్స్ పని చేస్తోందో లేదో చూడకుండా, కార్బ్యురేటర్ మొహం చూడకుండా కిట్ ఒక్కటే బిగిస్తే, ఖర్చయిన కొన్ని వేలు పెట్రోల్‌లో తిరిగి రావు. ఇగ్నిషన్ కిట్‌గా దీనికి 5కి 4 ఇవ్వొచ్చు. మైలేజీ మందుగా అయితే 2 దాటదు.

పాయింట్లు పెట్రోల్ ఎలా తాగిస్తాయో చూస్తే ఈ తేడా అర్థమవుతుంది. 25డీ4లో పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ. పాయింట్ల ఫైబర్ హీల్ క్యామ్ మీద రాసుకుంటూ అరుగుతుంది. అరిగేకొద్దీ గ్యాప్ తగ్గుతుంది, డ్వెల్ (పాయింట్లు మూసుకుని ఉండే కోణం) పెరుగుతుంది. ఈ డిస్ట్రిబ్యూటర్‌కు ఉండాల్సిన డ్వెల్ 60 డిగ్రీలు, అటూఇటూ మూడు. డ్వెల్ ఒక డిగ్రీ పెరిగిందంటే క్రాంక్ దగ్గర టైమింగ్ ఒక డిగ్రీ వెనక్కి పోయినట్టే. అంటే డ్వెల్ 60 నుంచి 65కి చేరితే, ఎవరూ డిస్ట్రిబ్యూటర్ ముట్టుకోకపోయినా స్పార్క్ 5 డిగ్రీలు ఆలస్యంగా పడుతోందన్నమాట. ఇది ఒక్కరోజులో జరగదు కాబట్టి నడిపేవాడికి తెలియదు. కాలు కొంచెం కొంచెం ఎక్కువ నొక్కుతుంటాడు. సింహాచలం కొండెక్కేటప్పుడు "ఎత్తుకు లాగట్లేదు" అంటాడు. మెకానిక్ చూసి "ఇంజన్ బోరుకొచ్చింది సార్" అంటాడు. సగం సందర్భాల్లో బోరుకు ఏమీ కాలేదు, అరిగింది ఆ ఫైబర్ ముక్క.

కిట్‌లో రాసుకునే భాగమే లేదు. అయస్కాంతం తిరుగుతుంది, మాడ్యూల్ దాన్ని గమనించి కాయిల్ కరెంటును ఆపుతుంది, స్పార్క్ పడుతుంది. అరుగుదల లేదు కాబట్టి జారడం లేదు. ఇంకో లాభం డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ బుష్ అరిగిన బండ్లలో కనిపిస్తుంది. క్యాప్ తీసి షాఫ్ట్‌ను పక్కలకు కదిపి చూడండి. ఊగుతుంటే, నాలుగు సిలిండర్లకూ పాయింట్ల గ్యాప్ నాలుగు రకాలుగా ఉంటుంది. ఏ సిలిండర్‌కు సరిచేస్తే ఇంకోదానికి తప్పుతుంది. ఆ ఊగుడు కిట్‌కు పాయింట్లకు తగిలినంతగా తగలదు. అలాంటి బండిలో కిట్ పెట్టగానే ఐడ్లింగ్ నిలకడగా మారుతుంది, మైలేజీ కూడా కాస్త కదులుతుంది. కానీ బుష్ బాగుండి, పాయింట్లు నిన్ననే కొత్తవి వేసి డ్వెల్ మీటర్‌తో సెట్ చేసిన బండిలో కిట్ పెడితే వచ్చే తేడా, ట్యాంకు నింపి కొలిచే పద్ధతిలో ఉండే పొరపాటులోనే కలిసిపోతుంది.

కొనే ముందు పైసా ఖర్చు లేని రెండు పరీక్షలు

ఈ రెండూ చేయకుండా కిట్ ఆర్డర్ పెట్టొద్దు. మైలేజీ ఎక్కువగా దాక్కునేది ఇక్కడే.

మొదటిది వాక్యూమ్ అడ్వాన్స్. హైవే మీద 50, 60 స్పీడులో నిలకడగా పోతున్నప్పుడు థ్రాటిల్ కొంచెమే తెరుచుకుని ఉంటుంది. సిలిండర్‌లోకి మిశ్రమం పలచగా వస్తుంది, నెమ్మదిగా మండుతుంది, అందుకే స్పార్క్ ఇంకా ముందు పడాలి. ఆ పని చేసేది డిస్ట్రిబ్యూటర్ పక్కన గుండ్రంగా ఉండే వాక్యూమ్ డబ్బా. అందులో డయాఫ్రమ్ చిరిగితే ఇంజన్ ఆగదు, మిస్సింగ్ రాదు, శబ్దం మారదు. పెట్రోల్ మాత్రం పోతూనే ఉంటుంది. కార్బ్యురేటర్ వైపు పైపు ఊడదీసి, క్యాప్ తీసేసి, పైపును నోటితో గట్టిగా పీల్చండి. లోపల బేస్‌ప్లేట్ తిరగాలి. నాలుకతో పైపు మూసి ఉంచితే అది అక్కడే నిలబడాలి. వెంటనే వెనక్కి వచ్చేస్తే డయాఫ్రమ్ పోయింది, లేదా పైపు చివరి రబ్బరు పగిలింది. ముందు రబ్బరు చూడండి. మన ఎండకు, ఇంజన్ వేడికి అది గట్టిపడి పగలడం మామూలే. అదైతే నాలుగు రూపాయల పని.

రెండోది సెంట్రిఫ్యూగల్ వెయిట్లు. రోటర్‌ను చేత్తో పట్టుకుని, అది తిరిగే దిక్కులో, అంటే పైనుంచి చూస్తే గడియారానికి ఎదురు దిక్కులో తిప్పండి. కొన్ని డిగ్రీలు తిరిగి, వదిలేయగానే టక్కున వెనక్కి రావాలి. రాకపోతే బేస్‌ప్లేట్ కింద ఉండే రెండు వెయిట్లూ తుప్పుతో పట్టేశాయి. ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే, భీమిలి వైపు సముద్రపు గాలి తగిలే చోట నెలల తరబడి నిలబెట్టిన బండ్లలో ఇది అనుమానించాల్సిన మొదటి విషయం. వెయిట్లు ముందుకు వెళ్ళి అక్కడే పట్టేస్తే స్టార్ట్ చేసేటప్పుడు ఎదురు తంతుంది, పికప్‌లో నాకింగ్ (ఇంజన్‌లో గలగల శబ్దం) వస్తుంది. దాన్ని తగ్గించడానికి మెకానిక్ మొత్తం టైమింగ్‌నే వెనక్కి తిప్పేస్తాడు. నాకింగ్ పోతుంది, దాంతోపాటు మైలేజీ కూడా పోతుంది.

బేస్‌ప్లేట్ విప్పి వెయిట్లు కిరోసిన్‌తో కడిగి, పిన్నులకు పలచగా గ్రీజు రాసి బిగించాలి. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. రెండు స్ప్రింగుల్లో ఒకటి బిగువుగానూ, ఇంకొకటి పిన్ను మీద వదులుగానూ ఉండొచ్చు. వదులుగా ఉన్నది పాడైందనుకుని దాన్ని కత్తిరించి బిగించేవాళ్ళు, లేదా రెంటికీ ఒకేరకం స్ప్రింగులు వేసేవాళ్ళు ఉన్నారు. అది కావాలని అలా చేసింది. మొదటి స్ప్రింగు తక్కువ వేగంలో పని చేస్తుంది, రెండోది వేగం పెరిగాక అందుకుంటుంది. దాన్ని బిగిస్తే హైవేలో రావాల్సిన అడ్వాన్స్ రాదు.

వాక్యూమ్ డబ్బా చిరిగి ఉంటే, చేతిలో డబ్బు ఒక్కదానికే సరిపోతే, కిట్ వద్దు, వాక్యూమ్ డబ్బా కొనండి. పెట్రోల్ విషయంలో అది కిట్‌కన్నా మేలు.

ఎలాంటి కిట్ తీసుకోవాలి

కారు పేరు చెప్పి కొనకండి. డిస్ట్రిబ్యూటర్ బాడీ మీద గుద్దిన నంబర్ చదివి కొనండి. మన అంబాసిడర్లలో ఏళ్ళ తరబడి రకరకాల డిస్ట్రిబ్యూటర్లు మారిపోయి ఉంటాయి. పక్కన అంచంతా గాట్లున్న గుండ్రటి నట్టు, దాని దగ్గర ఎ, ఆర్ అక్షరాలు కనిపిస్తే అది 25డీ. ఆ నట్టు లేకపోతే 45డీ అయ్యే అవకాశం ఎక్కువ. ఒకదాని మాడ్యూల్ ఇంకోదాని ప్లేట్ మీద కూర్చోదు. ప్రీమియర్ పద్మినికి ఇదే కిట్ వస్తుందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. ఆ డిస్ట్రిబ్యూటర్ నంబర్ కూడా చదివి, దానికి తగ్గదే అడగాలి.

తర్వాత ఎర్త్. ఇప్పుడు దొరికే కిట్లు ఎక్కువగా నెగటివ్ ఎర్త్‌వే. బాగా పాత బండి అయి, బ్యాటరీ ప్లస్ టెర్మినల్ బాడీకి కలిపి ఉంటే పాజిటివ్ ఎర్త్ కిట్ విడిగా అడగాలి. తప్పు చేస్తే మాడ్యూల్ ఆ క్షణంలోనే పోతుంది, వారంటీ కూడా రాదు.

తర్వాత కాయిల్. నాలుగు సిలిండర్ల ఇంజన్‌కు ఇలాంటి మాడ్యూళ్ళలో చాలావాటికి కాయిల్ ప్రైమరీ కనీసం 3 ఓమ్‌లు ఉండాలి. ఇగ్నిషన్ ఆపి, కాయిల్ వైర్లు రెండూ తీసేసి, ప్లస్, మైనస్ టెర్మినళ్ళ మధ్య మల్టీమీటర్ పెట్టి చూడండి. 3 నుంచి 3.5 వస్తే నిశ్చింత. 1.5 దగ్గర చూపిస్తే అది బ్యాలస్ట్ రెసిస్టర్‌తో (కాయిల్ కరెంటును తగ్గించే భాగంతో) వాడాల్సిన కాయిల్. దాన్ని అలాగే కలిపితే లాగే కరెంటు రెట్టింపవుతుంది, మాడ్యూల్ కాలిపోతుంది. "కొత్త కాయిల్, ఎక్కువ స్పార్క్" అని ఎవరో అంటగట్టిన కాయిల్ ఇలాంటిదే అయి ఉండొచ్చు, కొలిచి చూడాల్సిందే.

చౌక కాపీల్లో చూడాల్సింది అయస్కాంతపు రింగు. క్యామ్ మీద బిగువుగా దిగి, అడుగుదాకా కూర్చోవాలి. వేలితో తిప్పితే కదలకూడదు. వదులుగా ఉన్న రింగు తిరుగుతూ తిరుగుతూ కొంచెం పక్కకు జరుగుతుంది, టైమింగ్ ఎగురుతుంది. జారని టైమింగ్ కోసమే కదా కిట్ కొన్నది! రింగు మందం ఎక్కువైతే దాని మీద రోటర్ ఎత్తుగా కూర్చుని క్యాప్ లోపలి కార్బన్ బ్రష్‌ను నలిపేస్తుంది. క్యాప్ పెట్టేటప్పుడు క్లిప్పులు మామూలుకన్నా గట్టిగా నొక్కాల్సి వస్తే ఆగి చూడండి.

బిగించే తీరు

బ్యాటరీ వైరు తీసేయండి. క్యాప్ తీసి, ఇంజన్ తిప్పి క్రాంక్ పుల్లీ మీద గాటును టైమింగ్ కవర్ ముల్లులకు ఎదురుగా తెచ్చుకోండి. ఈ బీఎంసీ ఇంజన్‌లో అన్నిటికన్నా పొడుగు ముల్లు టీడీసీ (పిస్టన్ పూర్తిగా పైకి వచ్చిన స్థానం), మిగతా రెండూ దానికి ముందు 5, 10 డిగ్రీలు. చాలా బండ్లలో ఇవి పుల్లీ కిందివైపు ఉంటాయి, కింద పడుకుని చూడాల్సిందే. ముందే గాటు శుభ్రం చేసి తెల్ల పెయింట్ చుక్క పెట్టుకుంటే తర్వాత టైమింగ్ లైట్‌తో పని తేలిక. రోటర్ ఒకటో సిలిండర్ వైపు చూస్తోందో, నాలుగో సిలిండర్ వైపు చూస్తోందో గుర్తు పెట్టుకోండి. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2.

పాయింట్లు, కండెన్సర్ తీశాక ప్లేట్‌ను పొడి గుడ్డతో తుడవండి. ఇప్పుడు బేస్‌ప్లేట్ నుంచి డిస్ట్రిబ్యూటర్ బాడీకి వెళ్ళే చిన్న అల్లిక ఎర్త్ తీగను దగ్గరగా చూడండి. రెండు అంగుళాలు కూడా ఉండదు. వాక్యూమ్ పని చేసిన ప్రతిసారీ ప్లేట్‌తో పాటు అదీ వంగుతుంది, ఏళ్ళు గడిచాక లోపల పోగులు తెగి పైన గుడ్డ మాత్రమే మిగులుతుంది. చూడ్డానికి బాగానే కనిపిస్తుంది. మల్టీమీటర్‌తో ప్లేట్‌కూ బాడీకీ మధ్య రీడింగు చూస్తూ ప్లేట్‌ను చేత్తో అటూ ఇటూ తిప్పండి. రీడింగు ఊగితే తీగ మార్చండి. కిట్ పెట్టాక "నిలకడ స్పీడులో మాత్రమే మిస్సింగ్, గట్టిగా తొక్కితే బాగుంది" అనే ఫిర్యాదు వస్తే మాడ్యూల్‌ను అనుమానించే ముందు ఈ తీగనే చూడాలి.

మాడ్యూల్ బిగించి, కిట్‌తో పాటు ప్లాస్టిక్ గేజ్ ఇస్తే దాంతో రింగుకూ మాడ్యూల్‌కూ మధ్య సందు సరిచేయండి. ఎర్ర వైరు కాయిల్ ప్లస్‌కు, నల్ల వైరు మైనస్‌కు. వైర్లు లోపల ప్లేట్‌తో పాటు కదలడానికి కొంచెం వదులు ఉంచాలి, కానీ తిరిగే రింగుకు తగలకూడదు. కొంతమంది రేడియోలో శబ్దం వచ్చినా ఫర్వాలేదని రాగి తీగ ప్లగ్ వైర్లే వాడతారు. ఆ శబ్దం మాడ్యూల్‌ను కూడా గందరగోళపెడుతుంది. కార్బన్ కోర్ సప్రెషన్ వైర్లు వేయండి. ప్లగ్గులు ఎన్‌జీకే బీపీ6ఈఎస్ లాంటి పొడుగు మరవి, గ్యాప్ 0.65 మి.మీ. కిట్ పెట్టాం కదా అని 1 మి.మీ. దాకా తెరవక్కర్లేదు. 0.75 దాటితే వచ్చే లాభం లేదు, పాత క్యాప్ మీద, రోటర్ మీద భారం పెరుగుతుంది.

బ్యాటరీ కలిపాక ఒక్క కొలత. ఇగ్నిషన్ ఆన్ చేసి కాయిల్ ప్లస్ దగ్గర వోల్టేజీ, బ్యాటరీ దగ్గర వోల్టేజీ చూడండి. తేడా అర వోల్టు లోపు ఉండాలి. ఒకటిన్నర వోల్టు తేడా కనిపిస్తే పాత ఇగ్నిషన్ స్విచ్, ఫ్యూజ్ బాక్స్ క్లిప్పులు పచ్చ తుప్పు పట్టాయి. డైనమో బండ్లలో రాత్రి లైట్లు వేసుకుని సిగ్నల్ దగ్గర నిలబడితే వోల్టేజీ ఇంకా పడుతుంది. పాయింట్లు దాన్ని ఓర్చుకుంటాయి, మాడ్యూల్ ఓర్చుకోదు. ఈ కొలత పూర్తవగానే ఇగ్నిషన్ ఆపేయాలి. ఇంజన్ తిరగకుండా ఆన్‌లో వదిలేస్తే చాలా మాడ్యూళ్ళు వేడెక్కి చనిపోతాయి. కారు ఆపి పాటలు వినే అలవాటుంటే రేడియోకు విడిగా లైను లాగించుకోండి.

టైమింగ్, ఈ20 పెట్రోల్

టైమింగ్ లైట్ లేకుండా ఈ పని చేయించొద్దు. చెవితో విని డిస్ట్రిబ్యూటర్ తిప్పే మెకానిక్‌లు గాజువాక ఆటోనగర్‌లో ఇప్పటికీ గొప్పవాళ్ళే, కానీ చెవికి నాకింగ్ వినిపిస్తుంది, రిటార్డ్ (స్పార్క్ ఆలస్యం) వినిపించదు. వాక్యూమ్ పైపు తీసి చివర మూసి, ఐడ్లింగ్ వీలైనంత తగ్గించి, మీ బండి మాన్యువల్‌లో ఇచ్చిన డిగ్రీలకు పెట్టండి. 25డీలో చివరి సర్దుబాటుకు ఆ గాట్ల నట్టు ఉంది. సుమారుగా పదకొండు క్లిక్కులకు ఒక డిగ్రీ.

మాన్యువల్ అంకె మొదటి మెట్టు మాత్రమే. ఆ అంకెలు రాసిన రోజుల పెట్రోల్ వేరు, ఇప్పుడు బంకుల్లో దొరికేది వేరు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌కు (ఈ20కి) ఆక్టేన్, అంటే నాకింగ్‌ను తట్టుకునే గుణం, ఎక్కువ, ఈ ఇంజన్‌కేమో కంప్రెషన్ తక్కువ. అందుకే రెండేసి డిగ్రీలు ముందుకు జరుపుతూ రోడ్డు మీద చూడొచ్చు. ఇంజన్ బాగా వేడెక్కాక, హనుమంతవాక నుంచి యెండాడ వైపు ఎత్తు ఎక్కుతూ టాప్ గేర్‌లో 40 స్పీడు నుంచి యాక్సిలరేటర్ బాగా తొక్కండి. గలగలమని సన్నటి నాకింగ్ మొదలైన చోట నుంచి రెండు డిగ్రీలు వెనక్కి తీయండి. నాకింగ్ అసలు రాకపోయినా, మాన్యువల్‌కు మూడు నాలుగు డిగ్రీలు దాటి వెళ్ళొద్దు.

ఇదే ఈ20కి ఇంకో ముఖం ఉంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌లో ఉన్నదానికన్నా దాదాపు మూడో వంతు తక్కువ. ఇథనాల్ లేని పెట్రోల్ కోసం తయారై, ఈ10కి (10 శాతం ఇథనాల్‌కు) సర్దిన కార్లలో ఈ20 వాడితే ఇంధన సామర్థ్యం 6, 7 శాతం తగ్గుతుందని 2021లో వచ్చిన నీతి ఆయోగ్ నివేదికే లెక్క వేసింది. కాబట్టి అయిదారేళ్ళ కిందటి మైలేజీతో పోల్చి కిట్‌ను తిట్టొద్దు. పైగా మామూలు పెట్రోల్ కిలో మండడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఈ20కి 13.5 చాలు. కార్బ్యురేటర్ ఆ తేడా తెలుసుకోలేదు, పాత కొలతలోనే పోస్తుంది. మిశ్రమం పలచబడి బండి తడబడుతుంది. నడిపేవాడు చోక్ అర అంగుళం లాగి వదిలేస్తాడు. అక్కడ మొదలవుతుంది అసలు తాగుడు.

కార్బ్యురేటర్ చూడకపోతే కిట్ దండగ

ఎస్‌యూ కార్బ్యురేటర్ ఉన్న బండిలో చోక్ లాగితే జెట్ కిందికి దిగుతుంది, సూది చుట్టూ సందు పెరిగి పెట్రోల్ ఎక్కువ వస్తుంది. చోక్ నాబ్ లోపలికి నొక్కేశాక జెట్ పూర్తిగా పైకి వచ్చి నట్టుకు ఆనిందో లేదో కింది నుంచి వేలితో నొక్కి చూడండి. ఒక మిల్లీమీటరు పైకి కదిలిందంటే చోక్ కేబుల్ పట్టేసింది. ఈ ఒక్క లోపంతో పోయే పెట్రోల్‌ను ఏ ఇగ్నిషన్ కిట్టూ పూడ్చలేదు.

మిశ్రమం చూడ్డానికి ఇంజన్ వేడి మీద ఐడ్లింగ్‌లో ఉంచి, కార్బ్యురేటర్ పిస్టన్ కింది పిన్నును ఒక మిల్లీమీటరు లోపే పైకి ఎత్తండి. స్పీడు పెరిగి అలాగే నిలిస్తే చిక్కన, వెంటనే పడిపోతే పలచన. క్షణం పెరిగి మళ్ళీ మామూలుకు వస్తే సరి. జెట్ కింది ఆరు పలకల నట్టును ఒక్కో పలక చొప్పున తిప్పాలి. నట్టు పైకి పోతే పలచన, కిందికి దిగితే చిక్కన. ఈ20తో మునుపటి సెట్టింగ్‌కన్నా ఒకటి రెండు పలకలు కిందికి రావడం సహజం, కంగారు పడొద్దు. ఎంత తిప్పినా తేడా రాకపోతే జెట్ కోడిగుడ్డు ఆకారంలో అరిగింది. జెట్, సూది రెండూ కలిపి మార్చాలి. కార్బ్యురేటర్ పైన ఉండే నూనె గొట్టం, అంటే డ్యాష్‌పాట్‌లో 20 గ్రేడు పలచటి నూనె ఉండాలి. అది ఎండిపోతే పికప్ ఇచ్చినప్పుడు బండి ఒక్కసారి తడబడుతుంది, దానికి మందుగా మళ్ళీ మిశ్రమం చిక్కన చేస్తారు.

సోలెక్స్ కార్బ్యురేటర్ ఉన్న బండ్లలో గొడవ వేరు. మెయిన్ జెట్ మూసుకుపోతే సన్నటి తీగ గుచ్చి శుభ్రం చేసే అలవాటు మనవాళ్ళకు బాగా ఉంది. సోలెక్స్ జెట్ మీద 120 అని ఉంటే రంధ్రం 1.20 మి.మీ. తీగ గీకుడికి అది 1.25 అయితే కంటికి తెలియదు, కానీ రంధ్రం వైశాల్యం ఎనిమిదిన్నర శాతం పెరుగుతుంది. జెట్‌ను పెట్రోల్‌లో నానబెట్టి గాలి కొట్టాలి, అంతే. ఇప్పటికే గీకిన జెట్ అని అనుమానం ఉంటే కొత్తది వేయడమే.

ఇథనాల్ పాత రబ్బరును మెత్తబరుస్తుంది. పెట్రోల్ పంపు డయాఫ్రమ్ చిరిగితే పెట్రోల్ ఇంజన్ కింది ఆయిల్ చాంబర్‌లోకి దిగి ఇంజనాయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ లెవెల్ పెరిగి, పెట్రోల్ వాసన వస్తే బండి తీయొద్దు. మన ఉక్కపోత గాలిలోని తేమను ఇథనాల్ పీల్చుకుంటుంది కూడా, అందుకే వారాలపాటు నిలబెట్టే బండి ట్యాంకు సగం ఖాళీగా ఉంచకండి.

థర్మోస్టాట్ సంగతి. "వైజాగ్ ఎండకు థర్మోస్టాట్ ఎందుకు" అని తీసేసిన బండ్లు బోలెడు. వేడెక్కే బండికి మందు రేడియేటర్ శుభ్రం చేయించడం. థర్మోస్టాట్ లేని ఇంజన్ హైవేలో చల్లబడిపోతుంది, పెట్రోల్ సరిగా ఆవిరవదు, సిలిండర్ గోడల మీద ఆయిల్‌ను కడిగేస్తుంది. 74 లేదా 82 డిగ్రీలది తిరిగి వేయించండి. బ్రేకులకు ఒక చిన్న పరీక్ష: ఒక్కో చక్రం జాకీ మీద లేపి తిప్పండి, డ్రమ్ము పట్టుకుంటుంటే వదులు చేయించండి. టైర్ల గాలి వారానికోసారి. ఇంతకన్నా చెప్పడానికేమీ లేదు.

పెట్రోల్ పైపుకు తగిలించే అయస్కాంతాలను కూడా ఇదే కిట్‌తో కలిపి అంటగడుతుంటారు. పెట్రోల్‌కు అయస్కాంతంతో ఏ సంబంధమూ లేదు. అవి మీ ఫ్రిజ్ తలుపుకు పనికొస్తాయేమో చూడండి.

కొలవడం

కిట్ ముందూ తర్వాతా ఒకే బంకులో, ఒకే గన్‌తో, మొదటి ఆటో కట్ దగ్గరే ఆపించి ఫుల్ ట్యాంక్ చేయించాలి. పది లీటర్లకు కొలిస్తే నింపడంలో ఒక లీటరు తేడా వచ్చినా ఫలితం పది శాతం తప్పుతుంది. కనీసం ముప్పై లీటర్లు కాల్చాక లెక్క చూడండి. రేడియల్ టైర్లు వేయించి ఉంటే మీటరు చూపే కిలోమీటర్లు నిజం కాకపోవచ్చు. మధురవాడ దాటాక జాతీయ రహదారి 16 మీద కిలోమీటరు రాళ్ళతోనో, ఫోన్ జీపీఎస్‌తోనో మీటరును సరిచూసుకోండి. నగరం లెక్క, హైవే లెక్క కలపొద్దు. ఎన్ఏడీ నుంచి జగదాంబ దాకా ట్రాఫిక్‌లో నడిచిన లీటర్లు ఇగ్నిషన్ గురించి ఏమీ చెప్పవు.

ఉదాహరణకు నెలకు 400 కిలోమీటర్లు తిరిగే బండి లీటరుకు 8.5 నుంచి 9.5కి వచ్చిందనుకోండి. 47 లీటర్లు పట్టేది 42కి దిగుతుంది, నెలకు ఐదు లీటర్లు. అందులో కిట్ వాటా ఎంత, వాక్యూమ్ డబ్బా వాటా ఎంత, చోక్ కేబుల్ వాటా ఎంత అన్నది తెలియాలంటే ఒక్కో పని మధ్య ఒక్కో ఫుల్ ట్యాంక్ కొలత ఉండాలి. అన్నీ ఒకేరోజు చేయించి పేరంతా కిట్‌కు కట్టబెట్టడం వల్లే దానికి మైలేజీ కిట్ అన్న పేరొచ్చింది.

నెలకోసారి బయటికి తీసే బండికి ఇది అక్కర్లేదు. ఆ బండిలో పాయింట్ల హీల్ అరగదు, ఏడాదికోసారి గ్యాప్ చూసుకుంటే చాలు. రోజూ ఆఫీసుకు వెళ్ళే బండికి, పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే బండికి, షాఫ్ట్ బుష్ ఊగే బండికి ఇది కొనాల్సిన వస్తువు.

దీని పెద్ద లోపం, పోతే ఒక్కసారిగా పోవడం. పాయింట్లు పాడయ్యేముందు వారం రోజులు సతాయించి చెప్తాయి, రోడ్డు పక్కన ఎమరీ పేపర్ ముక్కతో గీకి ఇంటికి రావొచ్చు. మాడ్యూల్ ముందు చెప్పదు, దానికి రిపేరూ లేదు. అందుకే పాత పాయింట్లు, కండెన్సర్ పారేయకండి. దొరికితే ఇంకో బేస్‌ప్లేట్ మీద వాటిని బిగించి, గ్యాప్ 0.38 మి.మీ.కి పెట్టి, ఒక స్క్రూడ్రైవర్, ఫీలర్ గేజ్‌తో కలిపి ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి డిక్కీలో ఉంచండి. అరకు ఘాట్ ఎక్కుతూ అనంతగిరి దగ్గర మాడ్యూల్ పోతే, క్యాప్ తీసి అయస్కాంతపు రింగు లాగేసి ఆ ప్లేట్ మార్చి, పాయింట్ల వైరు కాయిల్ మైనస్‌కు కలపడానికి అరగంట చాలు. టైమింగ్ కాస్త తేడాగా ఉంటుంది, వైజాగ్ చేరేదాకా నెమ్మదిగా నడపండి.